రోలు మొర పీణ్యలో వినిపిస్తుందా?

తెలుగు నేలకు వెలుపల చదువుకుంటున్న విద్యార్థులు రాసే కవితల్లో, వ్యాసాల్లో పాత వస్తువులు తరచుగా కనిపిస్తాయి. తిరగలి, రోలు, కవ్వం, లాంతరు, ట్రంకుపెట్టె. వీటి చుట్టూ అల్లుకునే భావం మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. వస్తువు పోయింది, దాన్ని వాడిన అమ్మమ్మ పోయింది, ఊరూ పోయింది అనే బెంగ. ఆ బెంగ అబద్ధమని మేము అనడం లేదు. అయితే ఇవే వస్తువులతో తెలుగు హాస్యం చేసిన పని వేరు. దాన్ని గుర్తించని పక్షంలో, ఊరికి దూరంగా ఉన్న రచయితకు బెంగ తప్ప మరో దారి మిగలదు. బెంగళూరులో, అందులోనూ పీణ్య వంటి చోట పెరిగిన విద్యార్థి విషయంలో ఇది చిన్న నష్టం కాదు.

ముందుగా ఒక సామెతను తీసుకుందాం. 'రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు' అంటారు. రోలుకు ఒక పక్కనే దెబ్బలు, మద్దెలకు రెండు పక్కలా దెబ్బలు. సామెత ఈ లెక్క చెప్పదు. వినేవాడే వేసుకోవాలి, వేసుకున్న క్షణంలో నవ్వాలి. రోట్లో పచ్చడి నూరడం, మద్దెల వాయించడం చూడనివాడికి ఇది ఉత్త మాటల పోగు. అంటే ఈ హాస్యానికి మూలం వస్తువు రూపం కాదు, పాతదనం అంతకంటే కాదు. అది చేసే పని. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900లో వెలువడిన గ్రంథంలో, జీవమున్న మనిషి యంత్రంలా బిగుసుకుపోయినప్పుడు నవ్వు పుడుతుందని ప్రతిపాదించాడు. చాప్లిన్ 1936లో తీసిన 'మోడర్న్ టైమ్స్'లో, నట్లు బిగించీ బిగించీ చేతులు ఆగక, ఎదుటివారి బొత్తాలను కూడా బిగించబోయే కార్మికుడికి ఆ సూత్రం చక్కగా సరిపోతుంది. మన సామెతకు సరిపోదు. ఇక్కడ రాయీ తోలూ మనుషుల్లా కష్టసుఖాలు చెప్పుకుంటున్నాయి. కదలని వస్తువుకు నోరు ఇవ్వడం, ఆ నోటికి దాని పనికి తగిన మాటే ఇవ్వడం మన జానపదుల పద్ధతి. పొడుపుకథలన్నీ దాదాపు ఈ పద్ధతి మీదనే నడుస్తాయి.

రెండో పద్ధతి వస్తువును స్థానం తప్పించడం. పదకొండో శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని వివరిస్తూ, మెడలో మొలనూలు, నడుముకు హారం పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వనివారెవరని అడిగాడు. ఆయన దాన్ని కవులకు హెచ్చరికగా చెప్పాడు. మన హాస్య రచయితలు మాత్రం దాన్నే పెట్టుబడిగా చేసుకున్నారు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' (1924) చదివినవారెవరూ కథానాయకుడు మద్రాసులో కొన్న టోపీని మరిచిపోరు. అది ఆడవాళ్ళ టోపీ. టోపీలో లోపమేమీ లేదు, ఒక దొరసాని తల మీద ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. మొగల్తూరు కుర్రవాడి తల మీదికి రావడంతో ఒక యుగపు ఇంగ్లండు మోజంతా దానిలో ఇమిడిపోయింది. రచయిత దాని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. మా దృష్టిలో ఆ సంయమనమే మొక్కపాటి గొప్పతనం.

'కన్యాశుల్కం'లో మధురవాణి కంటె ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ. కంటెలో నవ్వు పుట్టించే గుణం ఏ కోశానా లేదు. కాని అది చేతులు మారి కనిపించకుండా పోయాక, ఆ నగ పేరు చెప్పి మధురవాణి రామప్పపంతులు అంతటివాణ్ణి ఆడించే తీరు చూడండి. మెడలో ఉండవలసిన నగ పంతులు ముక్కుతాడయింది.

శ్రీశ్రీ 'ఋక్కులు' కవిత్వానికి ఏ అల్పవస్తువూ అనర్హం కాదని తేల్చిన తరవాత అనుమతి సమస్య తీరిపోయింది. ఆ అనుమతితో వస్తువుల పేర్లను జాబితాగా పేర్చి, అదే కవిత అనుకునేవారు ఎక్కువయ్యారన్నది వేరే సంగతి.

ఇక పీణ్య. 1970లలో రూపుదిద్దుకున్న ఈ పారిశ్రామికవాడలో వేల చిన్న కర్మాగారాలున్నాయి. వాటిలో తెలుగు మాట వినడం కొత్తేమీ కాదు. పక్కనే జాలహళ్ళి. 1953లో మొదలైన హెచ్.ఎం.టి. సంస్థ జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో చేతిగడియారాల తయారీకి పూనుకున్నది ఇక్కడే. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల సంస్థను మూసివేయడానికి నిర్ణయించింది. 2019లో జాలహళ్ళిలో ప్రదర్శనశాల తెరిచారు. అద్దాల వెనుక ఉన్న 'జనతా' గడియారాన్ని చూసి నిట్టూర్చడం సులభం. అదే గడియారం మణికట్టు మీద ఉన్న రోజుల్ని తలుచుకోండి. మనిషికి వేళ చెప్పవలసిన వస్తువు, తనకే రోజూ వేళకు కీ ఇమ్మని అడిగేది. కీ ఇవ్వడం మరిచిన పెద్దమనిషి ఆలస్యంగా డ్యూటీకి వచ్చి, తన గడియారంలో ఇంకా ఏడున్నరేనని సూపర్‌వైజరుతో వాదిస్తే? పార్వతీశం టోపీకి ఇది తమ్ముడి వరస.

వస్తువు ఒకటే అయినా భాష మారితే రసం మారుతుందన్నది ఇక్కడి విద్యార్థికి ఉన్న ప్రత్యేక సౌకర్యం. పీణ్య మీదుగా పోయే తుమకూరు రోడ్డు పట్టుకుని వెళితే చిత్రదుర్గం వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దిలో హైదరాలీ సైనికులు ఆ కోటలోకి రాతిసందు గుండా దూరుతుండగా, కావలివాడి భార్య ఓబవ్వ రోకలితో వాళ్ళ తలలు పగలగొట్టిందని కన్నడిగులు చెప్పుకుంటారు. రోకలిని కన్నడంలో 'ఒనకె' అంటారు. ఆమె ఒనకె ఓబవ్వ అయింది. తరగతిలో పక్కన కూర్చున్న కన్నడ మిత్రుడికి ఆ మాట వినగానే వీరరసం, మనకు రోకలి అనగానే సామెతలు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలో ఎంత హాస్యం ఉందో గుంటూరులో కూర్చుని రాసేవారికి తెలిసే అవకాశం తక్కువ.

కర్మాగారంలో పవర్ ప్రెస్ సంగతే చూడండి. కింద కదలకుండా డై, పైనుంచి దిగే పంచ్, మధ్య రేకు. రోలూ రోకలీ పచ్చడీ ఉన్నచోటనే ఉన్నాయి. లేనిది మద్దెల. షిఫ్టు దిగాక ఆ డై ఎవరి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంటుందో మాకు తెలియదు. ప్రెస్సు మీద పనిచేసే తండ్రినో మేనమామనో అడిగి ఏ విద్యార్థి అయినా రాసి పంపితే వచ్చే సంచికలో సంతోషంగా వేసుకుంటాం.