పుల్లీని పట్టి చూసే చెయ్యి

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే బీజాపూర్ రోడ్డుకు అటూ ఇటూ పాత మర్రిచెట్లు. ఆ దారిలోని ఓ షెడ్డులో మా పాత డీజిల్ కారు ఇంజిన్, బోరింగ్ చేయించుకుని కొత్త పిస్టన్లతో కూర్చుంది. "పాత క్రాంక్ పుల్లీనే బిగించన్నా" అన్నాను. మెకానిక్ నవ్వి, దాన్ని వెలుతురుకు తిప్పాడు.

నడిమి ఇనుప బొడ్డుకూ బయటి చక్రానికీ మధ్య సన్నటి రబ్బరు పట్టీ. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి అరచుట్టుకూ ఓ పేలుడు. ఆ దెబ్బకు క్రాంక్‌షాఫ్ట్ వెంట్రుకవాసి మెలిపడి, మళ్లీ వెనక్కి కొడుతుంది. ఆ వణుకును మింగేది ఈ రబ్బరే. అతను గోటితో గీరితే నల్లటి పొడి రాలింది.

"రబ్బరు సచ్చింది సార్. ఇదే ఏస్తే రేపు షాఫ్టే ఇరగొచ్చు."

కొత్తదాని పార్టు నంబరు సరిచూశాడు. బెల్టు గాడులు లెక్కపెట్టాడు. ఆయిల్ సీల్ ఆనుకునే చోట గీతలున్నాయేమోనని వేలితో తడిమాడు. సుత్తి ముట్టలేదు, బోల్టును టార్క్ రెంచితోనే బిగించాడు.

స్టార్ట్ చేసి, బానెట్ మీద చాయ్ గ్లాసు పెట్టాడు. చాయ్ అంచు దాటలేదు. బిల్లులో ఆ తడిమిన వేలికి మాత్రం ఖరీదు రాయలేదు.