చుక్కలు లెక్కపెట్టే పని

మా ఊరు చిన్న మంగళారానికి సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్ల దూరం. మాకు తెలిసిన నీళ్లు బాయి నీళ్లు, బోరు నీళ్లు, వానాకాలంలో మూసీ, ఈసీల్లో పారి గండిపేటకూ హిమాయత్‌సాగర్‌కూ చేరే నీళ్లు. అయినా యుద్ధనౌక ఇంజను గదిలో మెకానిక్ చేసే పనిని దగ్గరగా తెలుసుకున్నకొద్దీ నాకు గుర్తొచ్చింది మా బాయి కాడి ఆయిల్ ఇంజనూ, దానికి బిగించిన పంపూ.

పంపు లోపల తిరిగే చక్రానికి బయటి నుంచి షాఫ్టు వెళ్తుంది. షాఫ్టు తిరగాలంటే చుట్టూ కాస్త సందు ఉండాలి. సందు ఉంటే నీళ్లు కారతాయి. అందుకే అక్కడ గ్లాండు పెడతారు. షాఫ్టు చుట్టూ గ్రీజు పట్టించిన దారాన్ని వరసలుగా చుట్టి, పైనుంచి ఒక మూతను రెండు నట్లతో నొక్కుతారు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు, నీళ్లు ఊరికే పోతున్నాయని నేనే పానా తీసుకుని ఆ రెండు నట్లూ బిర్రుగా బిగించేశాను. కారడం ఆగింది. కాసేపటికి దారం పొగలు కక్కింది. నాయన ఉరికొచ్చి ఇంజను ఆపి, కోపం చేయకుండా ఒకటే మాట అన్నాడు: "కారకుంటే కాలుతది బిడ్డా. సుక్క సుక్క పడాలె."

ఓడ అడుగున ప్రొపెల్లరు షాఫ్టు బయటికి పోయే చోట జరిగేదీ ఇదే. అయితే అక్కడ షాఫ్టు మనిషి తొడంత లావు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అవతల ఉన్నది సముద్రం. దారంతో కట్టే పాత పద్ధతి గ్లాండును ఎలా కడతారో చెబుతాను. ముందు పాత దారాన్ని కొక్కెంతో ముక్క మిగలకుండా లాగేస్తారు. ఒక్క తునక లోపల ఉండిపోయినా కొత్త వరసలు సరిగా కూర్చోవు. కొత్త దారాన్ని షాఫ్టుకే చుట్టి కొలిచి, కొసలు ఒకదానిమీద ఒకటి ఒదిగేలా ఏటవాలుగా కోస్తారు. ఒక్కో ఉంగరాన్నీ విడిగా లోపలికి నెడతారు. మొదటి దాని అతుకు పైన ఉంటే రెండోదాని అతుకు పక్కకు, మూడోదానిది ఇంకో పక్కకు పెడతారు. అతుకులన్నీ ఒకే వరసలోకి వస్తే నీళ్లకు తిన్నగా బాట వేసినట్టే. చివర మూత పెట్టి నట్లను ఒకేసారి బిగించరు. ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు. మూత ఒక పక్కకు ఒరిగితే దారం ఒకవైపే నలిగి షాఫ్టును కోస్తుంది. షాఫ్టు తిరగడం మొదలయ్యాక మెకానిక్ అక్కడే కూర్చుంటాడు. చేత్తో తాకి చూస్తాడు. గోరువెచ్చగా ఉండి చుక్కలు పడుతుంటే సరే, వేడెక్కితే కాస్త వదులు చేస్తాడు. దారాన్ని చల్లబరిచేదీ, జారుడుగా ఉంచేదీ ఆ చుక్కే. ఈ కాలపు నౌకల్లో చాలావాటికి దారం బదులు, నునుపుగా సానబట్టిన రెండు బిళ్లలు ఒకదానిమీద ఒకటి తిరిగే సీళ్లు వచ్చాయి. వాటి మధ్య కూడా కంటికి ఆననంత పలచని నీటిపొర ఉండాల్సిందే.

ఓడ మెకానిక్ అంటే నీటిని పూర్తిగా ఆపేసేవాడనే నేను మొన్నటిదాకా అనుకున్నాను. నిజానికి నీటిని ఎక్కడ రానివ్వాలో, ఎంత రానివ్వాలో, ఎక్కడ ఆపాలో కొలిచి చూసుకోవడమే అతని పని.

ఈ పని నేర్పే పెద్ద బడి సముద్రం ఒడ్డున కాదు, సహ్యాద్రి కొండల్లో లోనావాలాలో ఉంది. పేరు ఐఎన్‌ఎస్ శివాజీ. 1945 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడ ఇంజన్లు విప్పి బిగించడంతో పాటు ఇంకో పాఠం ఉంటుంది. ఓడ గది లాంటి ఇనుప గదిలో కుర్రాళ్లను దించి, గోడకున్న చిల్లుల్లోంచి నీళ్లు ఉధృతంగా వదులుతారు. వాళ్లు ఆ చిల్లులను మూయాలి. చేతిలో ఉండేవి గుడ్డ, మేకులాంటి చెక్క ముక్కలు, ఆనించి బిగించడానికి దుంగలు, సుత్తి. చెక్క ఎందుకంటే అది నీళ్లు తాగి ఉబ్బి చిల్లును తానే బిగిస్తుంది. ఎండలో వదులైన బండి చక్రాన్ని చెరువులో నానేసే మా ఊరి పెద్దలకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఓడను ముంచడానికి వచ్చిన నీటితోనే దాని దారిని మూయించడం నాకు ఎంతో నచ్చిన ఉపాయం.

ఇంజనును చల్లబరచాలంటే చుట్టూ ఉన్న సముద్రపు నీళ్లు చాలు కదా అనిపిస్తుంది. కానీ ఉప్పునీళ్లను నేరుగా ఇంజనులోకి పంపితే అవి ఇనుమును తినేస్తాయి, ఉప్పు పేరుకుంటుంది. అందుకని ఇంజను చుట్టూ మంచినీళ్లే తిప్పుతారు. ఆ మంచినీళ్ల వేడిని కూలరులో సన్నని గొట్టాల గోడ మీదుగా ఉప్పునీళ్లకు అప్పగిస్తారు. రెండు నీళ్లూ పక్కపక్కనే పారతాయి, కలవవు. ఇక ఆ గొట్టాలను ఉప్పు తినకుండా కాపాడేది ఒక జింకు కడ్డీ. రెండు లోహాలు తాకుతూ ఉప్పునీళ్లలో ఉంటే వాటిలో తేలిగ్గా కరిగే గుణమున్నదే ముందు తినబడుతుంది. రాగి కలిసిన గొట్టాల కంటే ముందు జింకు కరగాలనే దాన్ని అక్కడ బిగిస్తారు. మెకానిక్ గడువు ప్రకారం ఆ కడ్డీని విప్పి, బ్రష్షుతో రుద్ది, ఎంత మిగిలిందో చూస్తాడు. బాగా కరిగి ఉంటే పని చేసిందని తృప్తిగా మారుస్తాడు. కొత్తదానిలా మెరుస్తుంటే మాత్రం అనుమానం పడాలి. ఎక్కడో తాకాల్సిన చోట తాకడం లేదన్నమాట, అప్పుడు సముద్రం గొట్టాలను తింటోంది.

ఇంజను వదిలేసే వేడి కూడా ఊరికే పోదు. తాగే నీళ్లు తయారుచేసే యంత్రాల్లో ఒక రకం దాన్నే వాడుకుంటుంది. ఇంజను నుంచి వచ్చే నీళ్లు ఎనభై డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. మామూలుగా అయితే ఆ వేడికి సముద్రపు నీళ్లు మరగవు. కానీ మూసిన గదిలోంచి గాలిని లాగేసి పీడనాన్ని పదో వంతుకు దించితే నీళ్లు నలభై ఆరు డిగ్రీలకే మరుగుతాయి. ఆవిరి పైకి లేచి, చల్లని గొట్టాలకు తగిలి మంచినీళ్లై కారుతుంది. దారిలో ఒక పరికరం ఆ నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూస్తూ ఉంటుంది. ఉప్పు కాస్త కలిసినా కరెంటు తేలిగ్గా పోతుంది. వెంటనే వాల్వు తిరిగి ఆ నీళ్లను ట్యాంకులోకి కాకుండా బయటికి పంపేస్తుంది.

ఆ శుద్ధమైన నీళ్లు గ్యాస్ టర్బైన్లకూ కావాలి. విశాఖలో చాలాకాలం ఉన్న ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ నాలుగు గ్యాస్ టర్బైన్లతో నడిచింది. 1980 మే 4న నౌకాదళంలో చేరి, 2021 మే 21న విశాఖ డాక్‌యార్డులోనే సేవ నుంచి విరమించింది. ఆ నగరంలోనే ఐఎన్‌ఎస్ ఎక్సిల అనే కేంద్రంలో టర్బైన్లను మొత్తం విప్పి బాగుచేస్తారు. టర్బైను పీల్చేది సముద్రపు గాలి. దాంట్లోని ఉప్పు రెక్కల మీద పలచగా పేరుకుంటే బలం తగ్గుతుంది. అందుకే టర్బైనును మండించకుండా మెల్లగా తిప్పుతూ మంచినీళ్లు చల్లి రెక్కలు కడుగుతారు. ఎక్కువ కాదు, తక్కువ కాదు, చెప్పిన కొలతే.

ఇవన్నీ చదివిన తర్వాతే విశాఖ వెళ్లి కురుసుర జలాంతర్గామిని మళ్లీ చూశాను. చిన్నప్పుడు ఒకసారి చూశాను కానీ అప్పుడు టార్పెడోలు తప్ప ఇంకేమీ కంటికి ఆనలేదు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. 2001లో విరమించింది. 2002 నుంచి రామకృష్ణా బీచ్‌లో మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు. అయిదో గదిలో మూడు డీజిల్ ఇంజన్లు, ఒక్కోటీ 2,000 హార్స్‌పవర్. మధ్య నడవాలో ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. మనకు చూపించేవాళ్లు ఒకప్పుడు జలాంతర్గాముల్లో పనిచేసినవాళ్లే. "ఇంజన్లు మూడూ ఒక్కసారి నడిస్తే ఇక్కడ మాట వినపడదు సార్, చేతి సైగలే" అన్నాడు నాతో వచ్చినాయన.

నీళ్ల కింద డీజిల్ ఇంజను ఎలా నడుస్తుంది? నడవదు, గాలి కావాలి. లోతుకు వెళ్లాక బ్యాటరీ, మోటారు. బ్యాటరీ నింపుకోవడానికి మాత్రం పైకి రావాలి. పూర్తిగా తేలితే శత్రువు చూస్తాడు కాబట్టి కాస్త అడుగునే ఉండి, ఒక గొట్టాన్ని మాత్రం నీటిపైకి నిలబెట్టి గాలి పీలుస్తుంది. ఆ గొట్టం తలకు ఒక వాల్వు. అల మీద పడగానే అది మూసుకుంటుంది, అల దాటగానే తెరుచుకుంటుంది. మూసుకున్న ఆ కాసేపూ ఇంజన్లు ఆగవు. గదిలో ఉన్న గాలినే, మనుషులు పీల్చే గాలినే లాగేస్తాయి. పీడనం పడిపోయి చెవులు గుంజుతాయి. ఇంజను గదిలో మనిషి కళ్లు పీడనం చూపే ముల్లు మీదే ఉంటాయి. హద్దు దాటితే ఇంజన్లు ఆపేయాలి. పొగ పోయే గొట్టానికీ ఇదే జాగ్రత్త. మునిగే ముందు గాలి దారి, పొగ దారి రెండూ బిగించి, బిగించానని గట్టిగా చెప్పాలి.

ఈ మధ్య చేవెళ్ల రోడ్డు మీద వికారాబాద్ వైపు వెళ్లినప్పుడల్లా నాకు కురుసురలోని ఈ ఇంజను గది గుర్తొస్తుంది. 2024 అక్టోబరు 15న అటువైపున్న దామగుండం అడవిలో నౌకాదళం రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు వార్త పంపే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల కేంద్రమది. ఆ తరంగాలు నీళ్లలోకి కొన్ని మీటర్ల లోతుదాకా దిగుతాయి. అడవి గురించి అక్కడివాళ్లు పడ్డ ఆవేదన చిన్నది కాదు, దాన్ని నేను పక్కన పెట్టడం లేదు. వార్త వినడానికి జలాంతర్గామి గొట్టం బయటపెట్టక్కర్లేదు. డీజిల్ ఇంజనుకు ఊపిరి కావాలంటే మాత్రం పెట్టాల్సిందే.

ఓడలో రోజును నాలుగేసి గంటల వాచీలుగా, అంటే పని వంతులుగా, పంచుతారు. అలా పంచితే ఆరు వాచీలు వస్తాయి, మూడు జట్లయితే ప్రతి జట్టుకూ రోజూ అవే వేళలు పడతాయి. అర్ధరాత్రి వాచీ ఎప్పుడూ ఒకరికే. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న వాచీని రెండుగా చీల్చారు. మొత్తం ఏడు అయ్యాయి, వేళలు రోజూ జరుగుతాయి. ఒక్క కోతతో నిద్ర అందరికీ సమంగా పంచారు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు వాచీ మారుతుంది. దిగిపోయే మెకానిక్ లాగ్‌బుక్కులో గంట గంటకూ రాసిన అంకెలు చూపిస్తాడు: నూనె పీడనం, నీటి వేడి, బేరింగుల వేడి. వచ్చినవాడు అంకెలు చదివి ఊరుకోడు. పొడుగు స్క్రూడ్రైవర్ కొసను బేరింగు మీద ఆనించి పిడిని చెవికి పెట్టి వింటాడు. తర్వాత నిచ్చెన దిగి అట్టడుగుకు వెళ్లి, షాఫ్టు పక్కన వంగి, గ్లాండు మీద అరచేయి పెడతాడు. గోరువెచ్చగా ఉంది. గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి, పైకి వచ్చి, సంతకం పెడతాడు.