అడుగని మూడవ వరము

ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదను నానుడి గోదావరీతీరమునందలి పల్లెలలో పిల్లలకును తెలిసినదే. చిరకాలము కరీంనగరము జిల్లాలో నుండి 2016వ సంవత్సరమున జగిత్యాల జిల్లాలో చేరిన యీ క్షేత్రమున గోదావరి తన తూర్పు నడకను విడిచి దక్షిణముగా తిరుగును. ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి యోగానందమూర్తియై వెలసియున్నాడు. ఆ స్వామి సన్నిధిలోనే యమధర్మరాజునకు వేరుగా నొక గుడి కలదు. యమునికి గుడి కట్టి పూజించు తావులు మన దేశమున మిక్కిలి యరుదు. అట్టి యరుదైన దేవుని యెదుట మన జనులు చేయునదేమి? గండదీపమున నూనె పోసి, గండము గడచిన చాలునని మ్రొక్కి, త్వరత్వరగా వెలుపలికి వచ్చెదరు.

మేము ఈ మ్రొక్కును పరిహసింపబూనలేదు. జబ్బుపడిన బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన తల్లికి వేదాంతము చెప్పబోవుట కంటె నిర్దయ లేదు. కాని యొక విషయము మమ్ము చాలకాలము నుండి బాధించుచున్నది. ఏ దేవుని బారినుండి తప్పించుకొనవలెనని మనము ఆ గుడికి పోవుచున్నామో, ఆ దేవుడే మన ప్రాచీనగ్రంథములలో గురువు. కఠోపనిషత్తునందు ఆత్మవిద్య నుపదేశించినవాడు ఋషి కాదు, బ్రహ్మ కాదు, యముడు. మన మతనిని తలారిగా మాత్రమే యెరుగుదుము. తలారికి లంచ మిచ్చి పంపవచ్చును; గురువు నట్లు పంపరాదు. ఈ భేదమును మరచుటచే మనకు కలిగిన నష్ట మెంతటిదో యీ వ్యాసమున విచారింపదలచితిమి.

దేవతామూర్తుల సంకేతములను విప్పిచెప్పు పండితులు మనలో కొదువగా లేరు. యముని దున్నపోతు తమోగుణమనియు, పాశము కర్మబంధమనియు, దండము న్యాయమనియు వారు చెప్పుదురు. ఈ యర్థములు తప్పనము. కాని వీనిని విన్నవాడు వినకమునుపెట్లుండెనో పిదపను అట్లే యుండును. తాళపుచెవి దొరికినదని సంతసించి తలుపు తీయకుండుట వంటిది యీ వ్యాఖ్యానము. దేవుని చేతిలోని వస్తువును చూచి కాక, ఆ దేవుడు చేసిన పనిని చూచి సంకేతార్థమును నిర్ణయింపవలెనని మా యభిప్రాయము.

ఆ దృష్టితో చూచిన ఋగ్వేదమున పదియవ మండలమందలి యముడు దండన కధికారి కాడు. మర్త్యులకు పితృలోకమార్గమును మొదట కనుగొన్నవాడు. ముందు తాను నడచి, పిదప వచ్చువారికి దారి చూపినవాడు. గురుశబ్దమునకు ఇంతకంటె మంచి యర్థ మేమి కలదు? మన శివాలయములలో జగద్గురువుగా కొలువబడు దక్షిణామూర్తి దక్షిణాభిముఖుడై కూర్చుండును. దక్షిణము యముని దిక్కు. మృత్యువు వైపు కన్ను మరల్పక కూర్చున్నవాడే గురువని ఆ మూర్తి భావమని మేము తలంతుము. ఒక గురువు దక్షిణమును చూచుచున్నాడు, ఇంకొక గురువు దక్షిణమున నిలిచియున్నాడు. ధర్మపురిలో నదియు ఆ దిక్కునకే సాగుచున్నది. ఆ నదిలో మునిగినవారు మాత్రము ఆ దిక్కును చూచుటకు వెరచుచున్నారు.

ఇక కఠోపనిషత్తు కథకు వత్తము. వాజశ్రవసుడు యాగము చేసి సర్వస్వమును దానమిచ్చుచున్నాడు. ఇచ్చుచున్న గోవు లెట్టివి? త్రాగవలసిన నీరు త్రాగివేసినవి, మేయవలసిన గడ్డి మేసివేసినవి, పాలుడిగి ఈనుటకు పనికిరానివి. వానిని దక్షిణగా తోలుకొనిపోవుట చూచి కుమారుడైన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. ఇట్టి దానము చేసినవాడు ఆనందములేని లోకములకు పోవునని బాలుడు భయపడెను. నన్నెవరి కిచ్చెదవని తండ్రిని మూడుమార్లడుగగా, విసిగిన తండ్రి మృత్యువున కిచ్చెదననెను. బాలుడు మాట తప్పింపలేదు. యముని యింటికి పోయి, గృహస్థు లేని వాకిట మూడు రాత్రులు ఆహారము లేక వేచియుండెను.

ఈ కథయందు శ్రద్ధ యన్న మాట వచ్చిన తావును చదువరులు గమనింపవలెను. తండ్రి చేయు కర్మను కన్నులు మూసికొని మెచ్చినపుడు కాదు. ఆ కర్మలోని మోసమును కన్నులు తెరచి చూచినపుడు శ్రద్ధ పుట్టినది. మన వాడుకలో శ్రద్ధ యనగా ప్రశ్నింపకుండుట. ఉపనిషత్తులో శ్రద్ధయే ప్రశ్న.

బృహస్పతి, అనగా దేవగురువు, సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరికి పుష్కరము. పండ్రెండేండ్ల కొకమారు, పండ్రెండు దినములు. 2015వ సంవత్సరమున జూలై 14వ తేదీ నుండి 25వ తేదీ వరకు జరిగిన పుష్కరములలో మేమొక రేవున కన్నులార చూచిన సంగతి చెప్పెదము. అది యే రేవో చెప్పము. ఒక బక్కచిక్కిన యావును, దూడను ఒడ్డున కట్టియుంచిరి. యాత్రికు డొకడు తోక పట్టుకొని గోదాన మిచ్చుచున్నట్లు సంకల్పము చెప్పి, రూప్యము లిచ్చి పోవును. వెంటనే వేరొకడు అదే తోకను పట్టుకొనును. ఉదయమునుండి మధ్యాహ్నమువరకు ఆ యావు ఎన్నిమార్లు దానమైనదో మేము లెక్కింపలేకపోతిమి. ప్రతిమారును అది తన యజమాని చేతిలోనే యున్నది. ఎవ్వరును దాని ముందు గుప్పెడు గడ్డి వేయలేదు. వాజశ్రవసు డిచ్చినవి వట్టిపోయిన యావులైనను నిజముగా నిచ్చెను. మన మదియు చేయుటలేదు. ఇట్టి దానము వైతరణిని దాటించునని నమ్మి యమునికే చూపబోవుచున్నాము! నచికేతుని వంటి పిల్లవాడు మన యింట పుట్టి, ఇది యెట్టి దానమని అడిగినచో మన మేమి చేయుదుము? నోరు మూయుమందుము.

ఇంటికి తిరిగివచ్చిన యముడు అతిథి యుపవాసమున కెంతయో నొచ్చుకొని, రాత్రికొకటి చొప్పున మూడు వరము లిచ్చెను. ఈ మూడు వరముల క్రమమునందే ధర్మపురి యముని యర్థము దాగియున్నదని మా నమ్మకము. మొదటి వరముగా నచికేతుడు తన తండ్రి కోపము చల్లారి, తనను ప్రేమతో గుర్తింపవలెనని కోరెను. ఇది యింటి కోరిక. యముడు చిరునవ్వుతో నిచ్చెను. రెండవ వరముగా స్వర్గమును చేర్చు అగ్నివిద్యను కోరెను. ఇది కర్మకాండ. దానిని ఇటుకల లెక్కతో సహా నేర్పి, బాలుని పేరనే ఆ యగ్నికి పేరు పెట్టెను. మూడవ వరముగా, మనుష్యుడు చనిపోయిన పిదప ఉన్నాడని కొందరు, లేడని కొందరు అనుచున్నారు గదా, అందు నిజమేదని యడిగెను. అప్పుడు మాత్రము యముడు వెనుదీసెను. దేవతలకును సందేహమైన విషయము, వేరొకటి కోరుమనెను. నూరేండ్ల యాయువు గల కొడుకులను, మనుమలను, ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, కోరినన్నియేండ్ల జీవితమును ఇత్తుననెను. బాలుడు కదలలేదు.

దీనినిబట్టి గండదీపమున నూనె పోయుట నిషిద్ధమని మేము చెప్పజాలము. ఇంటి కోరికను యముడు మొదటనే మన్నించినాడు. కర్మను రెండవదిగా మన్నించినాడు. కాని యచ్చట నాగిపోవుట మన తప్పు. విచిత్ర మేమనగా, మనము గుడిలో కోరుచున్నది యముడు మూడవ వరమును తప్పించుటకు చూపిన లంచమునే: దీర్ఘాయువు, సంతతి, ధనము. శిష్యుని పరీక్షించుటకు గురువు చూపిన యెరను మనము ప్రసాదముగా కన్నుల కద్దుకొనుచున్నాము. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరని యముడు బోధ నారంభించెను. ఆ రెంటిలో మనము దేనిని మూటగట్టుకొని వచ్చుచున్నామో ఎవరికి వారే చూచుకొనవలెను.

మూడవ వరమును అడుగ నర్హులెవరు? ఈ ప్రశ్న వచ్చునప్పటికి మన పండితులు శాస్త్రము విప్పుదురు. యముడు మాత్రము ఏ పుస్తకమును విప్పలేదు. ఆయన యెదుట నిలిచి గెలిచినవా రెవ్వరో చూడుడు. ఒకడు తండ్రి విడిచిన బాలుడు. ఇంకొకతె సావిత్రి. భర్త ప్రాణమును గొనిపోవు యముని వెంట నడచుచు ఆమె యేడ్వలేదు, ధర్మమును గూర్చి మాటాడినది. ఆ మాటలకు సంతసించి యముడు వరము వెంట వరమిచ్చెను. స్త్రీకి ధర్మచర్చ తగదని యాతడు చెప్పలేదు. మన మామెను పసుపు కుంకుమల నోమునకు మాత్రమే యుంచుకొని, ఆమె మాటను విడిచితిమి.

ఇంతకంటె గంభీరమైన కథ యొకటి భారతమున కలదు. మాండవ్యమహర్షి నిరపరాధియై కొఱత వేయబడెను. తానేమి పాపము చేసితినని యముని యడుగగా, బాల్యమున తూనీగలకు పుల్ల గ్రుచ్చితివని యముడు చెప్పెను. ఎరుగని వయస్సున చేసిన యల్పదోషమున కింత శిక్షయా యని ముని కోపించి, శూద్రస్త్రీ గర్భమున పుట్టుమని శపించెను. పదునాలుగేండ్లలోపు పిల్లలు చేసినది పాపము కాదని కట్టడియు చేసెను. ఆ యముడే విదురుడు. ధర్మాధికారి తన తీర్పులోని తప్పునకు తానే శిక్ష ననుభవించిన కథ యిది. గురువు కూడ దిద్దబడునని చెప్పుటలో దీనికి సాటి మాకు కనబడలేదు.

పిదప నేమైనది? ఉద్యోగపర్వమున నిదురపట్టని ధృతరాష్ట్రుడు విదురుని పిలిపించి రాత్రియంతయు నీతి వినెను. ఇంకను చెప్పవలసినది కలదా యని రాజు అడుగగా, మృత్యువు లేదని చెప్పిన సనత్సుజాతుడు చెప్పునని విదురు డనెను. నీ వెరుగవా యని రాజు మరల నడిగెను. ఎరుగుదును, కాని శూద్రయోనియందు పుట్టినవాడను గాన ఇంతకుమించి పలుక సాహసింపనని విదురుడు బదులు చెప్పి, సనత్సుజాతుని రప్పించెను. చదువరులారా, ఇచ్చట నొక్కింత నిలువుడు. అడుగబడిన విషయము మృత్యువు. అడుగబడినవాడు మృత్యుదేవుడే. నచికేతునికి ఆ విద్యను చెప్పిన నోరే, పుట్టుక మారగానే మూతపడినది. తెలియక కాదు, లోకము సహింపదని. మన సంఘము జ్ఞానమునకు వేసిన సంకెల యెంత బలమైనదో చూపుటకు వ్యాసుడే యీ ఘట్టమును నిలిపినాడా యనిపించును. యమునినే నోరెత్తనీయని కట్టుబాటు సామాన్యుని నోరెత్తనిచ్చునా?

దీనికి బదులు ధర్మపురిలోనే దొరకినదని చెప్పుటకు సంతసించుచున్నాము. ఆ క్షేత్రమున 18వ శతాబ్దమువాడని తలపబడు శేషప్పకవి నరసింహశతకమును వ్రాసెను. గ్రంథారంభమున ఆయన చెప్పుకొన్న దేమి? గణయతిప్రాసల లక్షణము చూడలేదట, పంచకావ్యములు చదువలేదట, అమరము పఠింపలేదట, శాస్త్రగ్రంథము ముట్టలేదట. స్వామి కటాక్షమే తన విద్య యనెను. వేదపండితుల కాటపట్టైన పట్టణమున నిలిచి ఈ మాట చెప్పుట వినయము మాత్రమే కాదు, ధైర్యము. యోగపట్టముతో కూర్చున్న సింహము ఆ కవికి గురువు. నడుమ నెవ్వరి యనుమతియు లేదు. తరువాతి తరములవారు ఆ పద్యములను బడులలో, ఇండ్లలో కంఠస్థము చేసిరి. విదురుడు మింగిన మాటను శేషప్ప పలికినాడని మేము భావింతుము.

శేషప్పయందు లోపము లేదనము. కలికాలమును తిట్టుటయందు ఆయన యుత్సాహము మితిమీరును. మరణమును గూర్చి హెచ్చరించునే కాని, నచికేతునివలె దానిని ప్రశ్నింపడు. శరణుజొచ్చి యూరకుండును. అయినను ఒక మేలు కలదు: మరణమును దూరముగా నుంచుమని ఆయన వేడుకొనలేదు. కంఠమున కఫము నిండిన గడియను కన్నులయెదుట నుంచుకొని, అప్పుడు పలుకలేని నామమును ఇప్పుడే పలికెను. యమునివైపు మొగము త్రిప్పి నిలిచిన మానిసి ఆతడు.

గోదావరికి మరల 2027వ సంవత్సరమున పుష్కరము వచ్చును. ధర్మపురి రేవులు మరల క్రిక్కిరియును. యముని గుడిలో దీపము వెలుగనిండు; మాకు అడ్డు లేదు. ఆ దీపపు వెలుతురులో నచికేతుని కథను తెలుగున చదివి, విన వచ్చినవాని కులము నడుగక చెప్పువా రొక్కరైన నుండవలెనని మా కోరిక. తోక పట్టుకొన్నందులకిచ్చు రూప్యములు ఒక పేదబిడ్డ పుస్తకములకు చేరిన, అదియే నిజమైన గోదానమని యముడు ఒప్పుకొనకపోడు.

అతిథి తన వాకిట మూడు రాత్రులు ఆకలితో వేచినాడని యమధర్మరాజు నొచ్చుకొని క్షమింపుమని వేడెను. మన విద్యాలయముల వాకిండ్లలో, మన గుడుల వాకిండ్లలో ఎందరు నచికేతులు ఎన్ని తరములు వేచినారో మన మింకను లెక్కపెట్టలేదు.