ఆటలో కథ ఎవరిది?

కథకు కర్త ఒక్కడే ఉండాలా అన్న ప్రశ్న, జానపద సాహిత్యం పాఠం చెప్పేటప్పుడు తప్ప, నన్ను పెద్దగా బాధించలేదు. గత వేసవి సెలవుల్లో మా అబ్బాయి, అతని స్నేహితులు నలుగురు మా ముందుగదిలో బల్ల చుట్టూ చేరి మూడు రాత్రులు ఒక ఆట ఆడారు. ఒకడు పరిస్థితి వర్ణిస్తాడు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని "నేను తలుపు తోస్తాను", "నేను వాడితో బేరమాడతాను" అంటారు. ఫలితం తేలనిచోట పాచికలు వేస్తారు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారట. కుతూహలం కొద్దీ వాళ్ల పుస్తకాలు అడిగి తీసుకుని చదివాను. ఈ ఆటల్లో కథకున్న స్థానం గురించి అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న వాదం మన వస్తు శిల్ప వివాదానికి దగ్గర చుట్టమేనని అప్పుడు తెలిసింది.

ఈ ఆటకు మూలం యుద్ధక్రీడ. బొమ్మ సైన్యాలతో ఆడేవాళ్లు, సైన్యానికి బదులు ఒక్కొక్కరు ఒక్కో మనిషిని నడపడం మొదలుపెట్టారు. అందులోంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. నేలమాళిగలు, రాక్షసులు, నిధులు ఉన్నాయి గాని చెప్పవలసిన కథంటూ అందులో లేదు. కథ కావాలన్న కోరికను 1984లో మొదలైన 'డ్రాగన్‌లాన్స్' తీర్చింది. నాయకులు సిద్ధం, ఘట్టాలు సిద్ధం. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ల మొదటి నవల కూడా ఆ ఏడాదే వచ్చింది. ముందు ముందు కావలసిన పాత్ర మధ్యలో చస్తే శవం దొరకని చావుగా చూపించమని, తర్వాత తిరిగి తేవచ్చునని, ఆట నడిపేవాడికి సలహా కూడా ఇచ్చారు. అలాంటప్పుడు పాచికలెందుకు? ఆటగాడు పేరుకు నాయకుడు. చేసే పని పాఠకుడిది, అదీ పేజీలు తిప్పడం వరకే.

1991లో వచ్చిన 'వాంపైర్: ది మాస్కరేడ్' ఆట నడిపేవాడికి కథకుడని పేరే పెట్టింది. పేరు మారినంత మాత్రాన అధికారం చేతులు మారదు. రాన్ ఎడ్వర్డ్స్ అనే విమర్శకుడు పట్టుకున్నది ఇక్కడే. కథంతా నడిపేవాడిదీ, నాయకుల నిర్ణయాలు ఆటగాళ్లవీ అనడం పొసగని మాట అన్నాడతను. ఆట సాగుతుండగా అందరి చేతుల మీదుగా కథ పుట్టాలని అతని పక్షం. ఎదుటి పక్షం వారు, ఆటలో కథే లేదు, ఆడిన తర్వాత చెప్పుకునేదే కథ అంటారు. క్రికెట్ చూసొచ్చినవాడు చెప్పే కథలాంటిదన్నమాట. ఈ మాటలో కొంత నిజముంది. కాని క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ ఎవరి పాత్రా ధరించడు.

రెండు పక్షాలూ వస్తువును సంఘటనల్లోనే వెతుకుతున్నాయని నా అభియోగం. ఈ ఆటల్లో వస్తువు ముందుగా నియమంలో ఉంటుంది. 1974 నాటి ఆటలో పాత్ర ఎదగడానికి అనుభవ పాయింట్లు కావాలి. అవి రాక్షసుణ్ణి చంపితే వస్తాయి, నిధి ఎత్తుకొస్తే వస్తాయి, స్థూలంగా బంగారు నాణేనికొకటి చొప్పున. అనుభవాన్ని నాణేలతో కొలిచే పుస్తకం కథ చెప్పడం లేదని ఎలా అనగలం? ఇతివృత్తం లేకపోయినా దృక్పథం ఉంది.

దీనికి ఎదురుగా పాల్ సెజ్ 2003లో వెలువరించిన 'మై లైఫ్ విత్ మాస్టర్'ని పెట్టి చూడండి. ఆటగాళ్లందరూ ఒక క్రూరుడైన యజమాని సేవకులు. బలం, చురుకుదనం వంటి కొలతలు లేవు. అలసట, ఆత్మద్వేషం, ప్రేమ ఉన్నాయి. ఇతరుల నుంచి పొందిన ప్రేమ పెరిగేకొద్దీ ఆజ్ఞను ధిక్కరించే శక్తి పెరుగుతుంది. చివరికి ఒక సేవకుడి చేతిలో యజమాని చస్తాడు. చదువుతుంటే ఎంతో సంతోషం కలిగింది, దాచుకోను. మర్నాటికి అనుమానం వచ్చింది. యజమాని చావు ముందే ఖాయమైతే, శవం దొరకని చావు మీద నేను తెచ్చిన అభ్యంతరం దీనికి వర్తించదా? ముగింపు నాకు నచ్చింది కనుక మన్నించాను. ఏ సేవకుడు తిరగబడతాడో, ఎవడు మిగులుతాడో తెలియదు కనుక తేడా ఉందని వాదించవచ్చు. ఉంది కూడా. అయినా, ఆఖరి పేజీలో కూలీ పిడికిలి బిగిస్తాడని మొదటి పేజీలోనే తెలిసిపోయే మన కథలను ఎన్నిటిని నేను ఇలాగే మన్నించానో!

మా పిల్లలు ఆడినది పాత నియమాల ఆటే. మూడో రాత్రి ఒక కుర్రాడు, తనకు దొరికిన పెట్టెడు నాణేలు పైకి మోసుకు రాకుండా, దారి చూపిన ముసలివాడికి అక్కడే వదిలేశానన్నాడు. రావలసిన పాయింట్లు పోయాయి. తక్కిన ముగ్గురూ విసుక్కున్నారు. ఆట నడిపేవాడు కాసేపు పుస్తకం తిరగేశాడు. దానికి నియమమేదీ కనబడలేదు కాబోలు, పుస్తకం మూసి, "సరే, ముసలివాడు ఏమంటున్నాడో వినండి" అన్నాడు.