పత్తి పని పత్తిది, ఫిల్టర్ పని ఫిల్టర్‌ది

మా ఆదోనిలో ఇప్పుడు కడుతున్న ఇళ్ళు చూడండి. కింద నున్నగా మెరిసే బేతంచెర్ల బండలు, పైన కాంక్రీటు స్లాబు, గోడలకు సిమెంటు పూత, దానిమీద పుట్టీ, రంగు. గది వెడల్పు 10 అడుగులు, ఎత్తూ 10 అడుగులే. అలాంటి గదిలో మంచి స్పీకర్ల జత పెట్టి, ఫోన్లోంచి ఒక కచేరీ వేసి వినండి. మృదంగం ఎడమవైపు తొప్పి మోత గదంతా పరుచుకుంటుంది. పాడేవాళ్ళ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చాలామంది ఇక్కడ స్పీకర్లను తిట్టుకుని కొత్తవి కొంటారు. కొత్తవీ అలాగే మోగుతాయి, ఎందుకంటే గది మారలేదు కదా.

పాత చౌడు మిద్దెల్లో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. దూలాలు, దంతెలు ఉన్న కప్పు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అక్కడ తగిలిన శబ్దం చెల్లాచెదురవుతుంది. మట్టిగోడ, మూలన పేర్చిన బొంతలు, గోతాలు కొంత మింగేస్తాయి. స్లాబు ఇంట్లో ఆ మింగే పని చేసేదేదీ లేదు. నడి గదిలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే గోడకూ గోడకూ మధ్య సన్నగా జరజరమని సాగే మోత వినిపిస్తుంది. ప్రతి అక్షరం వెనకా అది తోకలా అంటుకుని ఉంటుంది.

ఈ వైపు మనుషులకు అక్షరం ముఖ్యం. 1953 వరకు ఆదోని బళ్ళారి జిల్లాలోది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ నడిపిన నాటకరంగం ఆ జిల్లాదే. పద్యాన్ని రాగంతో సాగదీసినా మాట విరగకూడదనే పట్టింపు అక్కడినుంచే మనకు వచ్చింది. మంత్రాలయం దగ్గర కాబట్టి కన్నడ దాసర పదాలూ ఇక్కడి ఇళ్ళలో మోగుతాయి. కవ్వాలీలు వినే ఇళ్ళూ తక్కువేం కాదు. ఇదంతా సాహిత్యం మీద నడిచే సంగీతం. కింది స్థాయి మోత పైన కమ్ముకుంటే మొదట పోయేది హల్లుల పదును.

ఆ మోతను సరిచేసే సాధనమే ఈక్వలైజర్. ‘ఉన్నది ఉన్నట్టు వినాలి, సాఫ్ట్‌వేర్‌తో తాకకూడదు’ అనేవాళ్ళున్నారు. వాళ్ళ శ్రద్ధను నేను గౌరవిస్తాను కానీ, తాకని సంగీతం మనమెప్పుడూ వినలేదు. 1954లో అమెరికా రికార్డింగ్ సంస్థల సంఘం స్థిరపరిచిన పద్ధతిలో ఎల్పీ రికార్డు మీద 20 హెర్ట్జ్ దగ్గరి మంద్ర ధ్వనిని సుమారు 20 డెసిబెల్స్ తగ్గించి, పై కొసను దాదాపు అంతే పెంచి కోస్తారు. మంద్రం పూర్తి బలంతో ఉంటే గాడి వెడల్పై చోటు చాలదు. పై ధ్వనిని అలాగే వదిలేస్తే ముల్లు గరగరలో మునిగిపోతుంది. వినేటప్పుడు యాంప్లిఫయర్ దాన్ని తలకిందులు చేసి సమం చేస్తుంది. ఆ కాలపు ప్రతి ఎల్పీనీ ఈక్వలైజర్ గుండానే విన్నాం.

మన వాద్యంలోనే చూడండి. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు తొప్పికి రవ్వ ముద్ద అద్దుతాడు. ఆ బరువుకు చర్మం నెమ్మదించి నాదం కిందికి దిగుతుంది. ఎక్కువైతే కాస్త గిల్లి తీసేస్తాడు. కుడివైపు రాయి, పుల్ల పెట్టి వారును ఇటూ అటూ తట్టి అంచు చుట్టూ ఒకే శ్రుతి పలికేదాకా ఊరుకోడు. కుడి మూతకు నల్లటి కరణి ఎందుకో, దానివల్ల అక్కడి అనుస్వరాలు ఎలా శ్రుతిలోకి వస్తాయో సి.వి. రామన్ 1920లోనే పరిశోధించి రాశాడు. ఎక్కడ ఎంత తగ్గించాలో చెవితో తేల్చుకోవడం మనకు కొత్త విద్య కాదు.

గది ఏం చేస్తుందో చెవులారా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఉచితంగా దొరికే టోన్ జనరేటర్‌తో స్పీకర్లలో 56 హెర్ట్జ్ ధ్వని సన్నగా పెట్టండి. గోడ దగ్గర నిలబడితే గుమ్మని మోగుతుంది. మెల్లగా నడి గదికి రండి, అక్కడ ఆ ధ్వని దాదాపు మాయమవుతుంది. ఎదుటి గోడ దగ్గరికి వెళ్తే మళ్ళీ లేస్తుంది. మూలలో అయితే ఛాతీకి తగులుతుంది. 10 అడుగులంటే 3.05 మీటర్లు. గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. ఆ వేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది 56. వెడల్పూ ఎత్తూ ఒకటే అయితే రెండు అనునాదాలూ ఆ 56 మీదే పడతాయి. అందుకే మన ఇలాంటి గదులకు అంత మోత. దాని రెట్టింపు 112 దగ్గర ఇంకొకటి లేస్తుంది. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడు మంద్ర స్థాయిలో చతుశ్రుతి ధైవతానికి దిగితే ఆ స్వరం ఉండేది 110 దగ్గర. పక్క స్వరాలు మామూలుగా ఉండి అదొక్కటే ఉబ్బుతుంది. ఆ తప్పు పాడినవాడిది కాదు.

ఇంకొక సంగతి. మా ఎండలకు గది 40 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం సుమారు 355 మీటర్లకు పెరిగి, ఆ 56 కాస్తా 58 అవుతుంది. మరీ సన్నని ఫిల్టర్‌తో చలికాలంలో గీసిన గీత ఏప్రిల్‌కి గురి తప్పుతుంది.

ఇక పనిలోకి వద్దాం. మొదటి పని కంప్యూటర్‌ది కాదు, పత్తిది. పత్తి మార్కెట్ ఉన్న ఊళ్ళో మనకు దాని కొరత లేదు. ఏకిన దూదిని 4 అంగుళాల మందాన చెక్క చట్రంలో దట్టంగా నింపి, ఎమ్మిగనూరు ముతక మగ్గం గుడ్డ బిగించి, గోడకు 4 అంగుళాల ఎడంతో నిలబెట్టాలి. గుడ్డలోంచి ఊపిరి ఆడాలి, రెగ్జిన్ వేస్తే పని చెడుతుంది. ఎమ్మిగనూరులో 1938 నుంచి చేనేత సహకార సంఘం ఉంది. దాన్ని నిలబెట్టిన మాచాని సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి నేతగుడ్డ సంగీతానికీ పనికొస్తుందంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. చట్రం ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. మీరు వినేచోట కూర్చోండి. ఇంట్లో ఎవరినైనా పక్కగోడ వెంట అద్దం జరుపుకుంటూ పొమ్మనండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడే. కింద మందపాటి జంఖానా పరవండి. స్విచ్‌బోర్డుకీ దీపానికీ దూది దూరంగా ఉండాలి, ఈ మాట మరవొద్దు.

పత్తికి ఒక హద్దుంది. 56 హెర్ట్జ్ అల పొడవు 6 మీటర్ల పైమాటే. దాన్ని ఆపాలంటే మీటరున్నర మందం కావాలి. అక్కడ సాఫ్ట్‌వేర్ అందుకోవాలి. ఎక్కడ అందుకోవాలో కూడా లెక్కుంది. 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న బోసి గదిలో సుమారు 275 హెర్ట్జ్ కింద గది పెత్తనం, ఆపైన స్పీకర్ పెత్తనం. మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ఇది. కాబట్టి మన ఫిల్టర్లు ఆ గీత దాటి పైకి పోనవసరం లేదు.

కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, జాన్ మల్కహీ తయారుచేసింది. దానికి క్రమాంకన ఫైలుతో వచ్చే కొలత మైకు కావాలి. ఫోను మైకు మాటల కోసం చేసినది, మంద్రంలో దాన్ని నమ్మలేం. తెల్లవారుజామున, లారీలు మొదలవకముందు, ఫ్యాను ఆపి కొలవండి. చెవి ఎత్తులో మైకు నిలబెట్టి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఈల పాకేలా చేసి, చుట్టూ జానెడు దూరాల్లో ఐదారు చోట్ల కొలిచి సగటు తీయండి. తెర మీద మీ గది కొండలూ లోయలూ కనిపిస్తాయి.

ఇప్పుడు ఫిల్టర్. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ వివరించిన పారామెట్రిక్ పద్ధతిలో మూడే అంకెలు: ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున. ఉదాహరణకు 56 దగ్గర 7 డెసిబెల్స్ తగ్గింపు, వెడల్పు చెప్పే క్యూ విలువ 5. అంతకన్నా సన్నగా పోవద్దు, ఎండాకాలం సంగతి గుర్తుంది కదా. 112 దగ్గర 4 తగ్గింపు. మూడో నాలుగో ఫిల్టర్లతో పని అయిపోవాలి. కొండలనే కొట్టండి, లోయలను పూడ్చకండి. లోయలో అల అలను చంపుకుంటోంది, మీరెంత పోసినా చస్తూనే ఉంటుంది. పైగా 10 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫయర్ పదిరెట్లు శక్తి తోడాలి. ఎక్కడైనా కొంచెం పెంచక తప్పకపోతే సాఫ్ట్‌వేర్లోని ప్రీయాంప్‌ను అంతే తగ్గించండి, లేకుంటే గట్టి చోట్ల ధ్వని చిట్లుతుంది.

విండోస్ కంప్యూటర్లో ఈ అంకెలను ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్లో ఎక్కించాలి. స్పీకర్లున్న పరికరాన్నే ఎంచుకుని ఒకసారి రీస్టార్ట్ చేయండి. సంగీతం యాప్‌లో ‘ఎక్స్‌క్లూజివ్ మోడ్’ ఉంటే తీసేయండి, అది ఉంటే పాట ఫిల్టర్‌ను దాటేసి పోతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టుకున్నవాళ్ళకు అదే పని చేసే కామిల్లాడీఎస్పీ ఉంది. ఫోన్లో ఈక్వలైజర్ పెట్టి, పాటను టీవీకో స్మార్ట్ స్పీకర్‌కో కాస్ట్ చేస్తే మాత్రం ఫలితం ఉండదు. ఆ పరికరం పాటను నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, మీ ఫోను రిమోట్‌గా మాత్రమే మిగులుతుంది.

గీత నేలబారుగా వచ్చేదాకా దిద్దేవాళ్ళతో నేను ఏకీభవించను. మంద్రం కాస్త ఎత్తుగా, అక్కడినుంచి పైకి మెల్లగా వాలే గీతే గదిలో సహజంగా వినిపిస్తుంది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ హార్మన్ సంస్థలో చేసిన శ్రవణ పరీక్షలూ అటే చూపాయి. ఇక 78 ఆర్‌పీఎం నాటి పద్యాలకు విడిగా ఒక అమరిక రాసి పెట్టుకోండి. వాటిలో 6,000 హెర్ట్జ్ పైన పాట తక్కువ, గరగర ఎక్కువ. అక్కడ మెల్లగా వాల్చితే గొంతు ముందుకొస్తుంది. మరీ నరికితే ఆ గాయకుడి ఊపిరి కూడా పోతుంది.

అంతా అయ్యాక బాగా తెలిసిన ఒక పద్యం వేసి, ఫిల్టర్ ఒకసారి ఆపి, ఒకసారి పెట్టి వినండి. ఆపినప్పుడు పాట గట్టిగా ఉంటుంది కాబట్టి బాగున్నట్టు తోస్తుంది. రెండింటి స్థాయీ సమం చేసి వింటేనే నిజం తెలుస్తుంది. కొలత మైకు ఇంటికొకటి అక్కర్లేదు. ఆదోనిలో నలుగురు, ఎమ్మిగనూరులో నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే ఇల్లిల్లూ తిరుగుతుంది. కొత్త స్పీకర్లకు డబ్బు తీసేముందు ఒక ఆదివారం తెల్లవారుజామున మీ గదిని కొలిచి చూడండి.