గ్యాసు ఎక్కడికి పోయినది?

వేసవి ప్రవేశించినది మొదలు, విజయవాడలోనైనను హైదరాబాదులోనైనను, ఏసీ గల యిండ్లలో తరచు వినబడు మాట "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అనునది. అది దీపములోని చమురువలె వ్యయమగు పదార్థము కాదు. మూసిన రాగి గొట్టములలో ఒకచోట ఆవిరియై, వేరొకచోట ద్రవమై, గదిలోని వేడిని వెలుపలికి మోయుచు, యంత్రమున్నంత కాలము తరుగక యుండవలసినది. తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. ఆ చోటు కనుగొనక గ్యాసు నింపి పోవుట మరమ్మతు కాదనియు, ఆ లోపమునకు పూర్తి బాధ్యత సొమ్ము గైకొన్నవారిదే యనియు నా నిశ్చితాభిప్రాయము.

మా యింటి ఏసీకి ఒక సర్వీసు సంస్థవారు గ్యాసు నింపించిన కొలదినాళ్లకే చల్లదనము మరల తగ్గగా వారిని అడిగితిని; "మేం నింపిన రోజు చల్లబడింది కదండీ" యనిరి. పిమ్మట వచ్చిన పెద్దవయసు మెకానిక్ పనిని దగ్గర నిలిచి చూచితిని. ఆయన ముందుగా గ్యాసు సిలిండరు జోలికి పోలేదు. గొట్టములలో నైట్రోజన్ నింపి, ఒక్కొక్క జాయింటుకు సబ్బునురుగు పూయగా, ఇండోర్ యూనిట్ వెనుక నట్టుకడ సన్నని బుడగ పొంగినది. అచ్చట చిట్లిన గొట్టపు మొనను కోసి, కొత్తగా ఫ్లేరింగు చేసి బిగించి, వాక్యూమ్ పంపు తగిలించి, లోని గాలియు చెమ్మయు తొలగువరకు ఓపికతో వేచియుండి, తుదకు యంత్రముపై ముద్రించిన తూకము ననుసరించి, సిలిండరును కాటాపై నుంచి గ్యాసు నింపెను. ఆ వేచియుండుటయే యీ వృత్తికి ప్రాణమని నాకు తోచును. ఏలనన, లోపల మిగిలిన చెమ్మ నూనెతో కలసి ఆమ్లము పుట్టించి కంప్రెసరు మోటారు చుట్టలను మెల్లమెల్లగా తినివేయును. నెలలు గడచి అది కాలిపోవునాటికి నింద వోల్టేజిపై పడును గాని, వాక్యూమ్ చేయనివాడు ఎవరికిని గుర్తుండడు. నేటి యంత్రములలో విరివిగా వాడు ఆర్-32 అను గ్యాసు కొద్దిపాటి మండు గుణము గలది గావున, కారు జాయింటువలన కలుగు ముప్పు ధననష్టము మాత్రమే కాదు.

అయినను దోషమంతయు పనికి వచ్చిన కుర్రవానిపై మోపుట న్యాయము కాదు. కాల్‌కింత యని కూలి యిచ్చి, మండుటెండలో వానిని ఇల్లిల్లు పరుగెత్తించిన సంస్థ, పని చెడగానే "అతను కాంట్రాక్టు మనిషి" యని తప్పించుకొనరాదు. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సేవాలోపముపై ఫిర్యాదు చేయుటకు రెండేండ్ల గడువు కలదు. 5 లక్షల రూపాయలలోపు చెల్లించిన వ్యవహారమైనచో జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. కాని కాగితము లేని వాదము అచ్చట నిలుచుట కష్టము.

కావున పాఠకులకు నా మనవి: ఎచ్చట కారినది, ఎన్ని గ్రాములు నింపిరి, వాక్యూమ్ చేసిరా లేదా యనునవి బిల్లుపై వ్రాయించుకొనుడు, వ్రాయనివారిచే పని చేయింపకుడు. చేసిన పని చెడి, సంస్థ పలుకకున్నచో, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయుడు. అచ్చట తెలుగులోను మాటలాడవచ్చును.