గ్యోకుడో కొలువు వదిలిన సంగతి

చిత్రకళకొక ఆచార్యుడు, కవిత్వానికొకడు, సంగీతానికి మరొకడు — కళాశాలల్లో మనం చేసుకున్న ఈ పంపకం స్టీఫెన్ ఆడిస్ (1935–2022) ముందు చెల్లదు. ఈ అమెరికన్ పండితుడు మొదట జానపద గాయకుడు. 1960లలో తమ ప్రభుత్వం పంపగా (ఎందుకు పంపిందో మన పాఠకులకు వేరే చెప్పాలా?) ఆసియా దేశాలు తిరిగాడు, వియత్నాంలోనూ పాడాడు. తర్వాత జపాను కళల చదువుకు మళ్ళాడు. తాను కూడా కుంచె పట్టి బొమ్మలు వేశాడు, అక్షరాలు రాశాడు.

ఉరగామి గ్యోకుడో (1745–1820) మీద 1987లో ఆయన వెలువరించిన గ్రంథం నా దృష్టిలో ముఖ్యమైనది. గ్యోకుడో సామురాయ్. 1794లో కొలువు వదిలేసి, ఇద్దరు కొడుకుల్నీ ఏడు తంత్రుల వాద్యాన్నీ వెంటబెట్టుకుని దేశం మీద పడ్డాడు. తనను ముందుగా వాద్యకారుడిగానే తలచుకున్న మనిషి. ఆయన కొండల బొమ్మల్లో గీత మళ్ళీ మళ్ళీ వచ్చి పడే తీరులోని లయ, పాట తెలిసిన పరిశోధకుడికి చిక్కినట్టు ఇతరులకు చిక్కదు.

అయితే ఆ కొలువు వదలడాన్ని కేవలం కళాకారుడి స్వేచ్ఛాపిపాసగా చదవడానికి నేను ఒప్పుకోను. 1790లో షోగునేట్ తన విద్యాలయంలో ఒక్క కన్‌ఫ్యూషియన్ శాఖను నిలిపి తక్కిన వాటిని నిషేధించింది. నాలుగేళ్ళకు గ్యోకుడో బయటపడ్డాడు. పైగా సామురాయ్ భృతి అంటే రైతు కట్టిన బియ్యమే కదా! తర్వాతి కాలంలో కవబాతా సొంతం చేసుకున్న ఆయన మంచుకొండల బొమ్మను నేను అచ్చులోనే చూశాను. అందులో అందరూ చెప్పే జెన్ ప్రశాంతత నాకు కనిపించలేదు. కొలువూ గూడూ లేనివాడి చలి కనిపించింది.